గడప దాటని బూట్లు

పుట్టిన బిడ్డకు ఎవరైనా మొలతాడు చేయిస్తారు, మురుగులు చేయిస్తారు. నేను బూట్లు చేసేవాణ్ణి. అదీ ఇంకా నిలబడటం కూడా రాని పసిబిడ్డలకు. ఏం ఉద్యోగమని అడిగినవాళ్ళకు ఈ మాట చెబితే "నడవని బిడ్డకు బూట్లేంటికప్పా" అని నవ్వేవాళ్ళు. విడమరిచి చెప్పే ఓపిక నాకు ఏనాడూ లేదు. ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చున్నాక, అడిగేవాడు లేకపోయినా చెప్పాలనిపిస్తోంది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు మీరే వినాలి. మీకు యంత్రాలొచ్చాయి, అచ్చులొచ్చాయి, బూట్లు కొలతల ప్రకారం పెట్టెల్లోనే దిగుతున్నాయి. సంతోషం. కానీ ఆ బూట్లు తొడుక్కున్న బిడ్డ ఏ ఇంటికి పోతుందో, ఆ ఇంట్లో మాట ఎవరిదో పెట్టె మీద రాసి ఉండదు కదా.

నేను పనిచేసింది తిరుపతిలో ఒక పెద్దాసుపత్రిలో. ఎముకల విభాగం వెనక, జనరేటర్ పక్కన రేకుల గది మా వర్క్‌షాపు. తోలు, బంక, వేడెక్కిన ఇనుము, అన్నీ కలిసిన వాసన. మా నాయన చిత్తూరులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టేవాడు. నేను చదువుకుని, ట్రైనింగై, సర్కారు జీతానికి వచ్చాను. పని అదే, కూర్చునే చోటు మారిందంతే. ఈ మాట నేనంటే నవ్వుకునేవాణ్ణి, ఇంకొకడంటే మాత్రం వాడితో మాట్లాడేవాణ్ణి కాదు. నా కోపం అట్లాంటిది. ముందే చెబుతున్నాను, తర్వాత ఆశ్చర్యపోవద్దు.

కొందరు బిడ్డలు పాదాలు లోపలికి మెలిపడి పుడతారు. అరికాళ్ళు ఒకదాన్నొకటి చూసుకుంటుంటాయి. మడమ పైకి లాక్కుపోయి ఉంటుంది. అట్లాగే వదిలేస్తే ఆ బిడ్డ పెద్దయ్యాక పాదం అంచు మీద, ఒక్కోసారి పాదం పైభాగం మీద నడుస్తుంది. మా వైపు జనం దానికి గ్రహణాన్నో, కడుపుతో ఉన్న తల్లి కాళ్ళు మడిచి కూర్చోవడాన్నో కారణంగా చెప్పేవాళ్ళు. ఏది చెప్పినా తప్పు తల్లిదే అయ్యేది.

తొంభైల దాకా దీనికి మా ఆసుపత్రిలో ఆపరేషనే వైద్యం. మా డాక్టరుగారు నిపుణుడు, కోపిష్టి, మనసున్నవాడు. ఆయన కోసి సరిచేసిన పాదం నేలకు చక్కగా ఆనేది. ఆ రోజు తల్లిదండ్రుల ముఖాలు చూడాలి. కానీ వాళ్ళు పండ్లు పెట్టి, దండం పెట్టి వెళ్ళిపోయాక ఆ పాదాలు ఏమయ్యాయో డాక్టర్లకు తెలిసేది తక్కువ. బిడ్డలు పెరిగి, బూట్లకోసం తిరిగొచ్చేది నా దగ్గరికి.

అట్లా వచ్చింది ఒక అమ్మాయి. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో పని. రోజంతా నిలబడి కాయలు ఏరాలి. "మధ్యాన్నానికే పాదాల్లో మంటన్నా, నిలబడలేకుండా ఉండా" అంది. కొలత తీసుకుందామని పాదం చేతిలోకి తీసుకుంటే వంగలేదు. ఎటూ కదలలేదు, చెక్కముక్క పట్టుకున్నట్టుంది. చుట్టూ పాత కుట్ల గీతలు. డాక్టరుగారిని పిలిచాను. ఆయన వచ్చి నేల మీదే కూర్చుని ఆ పాదం పట్టుకున్నారు. అది తను చేసిన ఆపరేషనేనని గుర్తుపట్టారు. ఆ కుట్ల గీతల మీద మెల్లగా బొటనవేలు నడిపించారు.

రెండువేలు దాటిన కొత్తలో ఆయన సెలవు పెట్టి ఎక్కడికో పోయి, కొత్త పద్ధతి నేర్చుకుని వచ్చారు. కొత్తదని మాకు అనిపించింది గానీ అప్పటికే వేరే చోట్ల చేస్తున్నదే. బిడ్డ పుట్టిన కొద్ది రోజుల్లోనే పాదాన్ని చేత్తో మెల్లగా సవరించి పిండికట్టు వేస్తారు. వారం తర్వాత విప్పి, ఇంకొంచెం తిప్పి, మళ్ళీ కడతారు. చివర్లో మడమ వెనక చిన్న గాటు. అంతే, పాదం తిన్నగా వస్తుంది, మెత్తగానూ ఉంటుంది. అక్కడినుంచి నా పని. ఒక కమ్మీకి రెండు చివర్ల రెండు బూట్లు, వేళ్ళు బయటికి చూసేట్టు బిగించి ఉంటాయి. మొదట్లో రేయింబవళ్ళు, తర్వాత నిద్రపోయేటప్పుడు, బిడ్డకు నాలుగేళ్ళు వచ్చేదాకా తొడగాలి. జనం వాటిని కమ్మీ బూట్లనేవాళ్ళు. పిండికట్టు పాదాన్ని తిప్పుతుంది. తిప్పిన చోట దాన్ని నిలబెట్టేవి బూట్లు. అవి మానేస్తే పాదం మళ్ళీ లోపలికి మెలిపడుతుంది.

మేము మొదట్లో సరిచేసిన బిడ్డల్లో చంద్రగిరి అవతల ఒక పల్లె నుంచి వచ్చిన పాప ఉంది. రెండు పాదాలూ మెలిపడి పుట్టింది. తల్లి చిన్నపిల్ల, ఇరవై దాటాయో లేదో. బిడ్డను భుజాన వేసుకుని, వారం తప్పకుండా బస్సులో వచ్చేది. పిండికట్టు వేస్తున్నంతసేపూ పాప ఏడిస్తే తనూ ఏడ్చేది. ఎండాకాలం వచ్చేసరికి పాదాలు ఎంత బాగా వచ్చాయంటే, మా ఫిజియో మేడమ్ వాటిని అరచేతుల్లో పెట్టుకుని వార్డంతా చూపించింది. మెత్తటి దూడతోలు ఏరి నేను బూట్లు చేశాను. లోపల ఒక్క కుట్టు కూడా చర్మానికి తగలకుండా తిప్పి కుట్టాను. నేను చేసినవాటిలో అంత మంచి జత ఇంకొకటి లేదనుకునేవాణ్ణి.

వానలు పట్టే రోజుల్లో ఆమె మళ్ళీ వచ్చింది. పాప పాదాలు రెండూ లోపలికి తిరిగి ఉన్నాయి.

డాక్టరుగారు మండిపోయారు. "ఏమ్మా, నిద్ర చెడిపోతాదని బూట్లు పీకి పారేసినారా? నీకు బిడ్డ కాలు ఎక్కువా, నిద్ర ఎక్కువా?" అని గది అదిరిపోయేట్టు అరిచారు. ఆమె తల వంచుకుని నిలబడింది. నాకూ కడుపు మండింది. బూట్లు చూపించమన్నాను. సంచిలోంచి తీసిచ్చింది. నేను చేసినవి చేసినట్టే ఉన్నాయి, పైన కాస్త బూజు పట్టి ఉంది.

ఫిజియో మేడమ్ మాత్రం ఆమెను తన గదిలోకి తీసుకుపోయి కూర్చోబెట్టింది. నేను బూజు తుడుస్తూ గుమ్మం దగ్గరే ఉన్నాను. మేడమ్ మెల్లగా అడిగితే ఆ తల్లి చెప్పుకొచ్చింది.

"మా అత్త మొక్కుకునింది మేడమ్. పాప కాళ్ళు సక్కబడితే ఏటా పెరటాసి నెలంతా ఇంట్లోకి తోలు రానియ్యనని, ఇంటిల్లిపాదీ వొట్టి కాళ్ళతో ఉంటామని. కాళ్ళు సక్కబడినాయి గదా. పెరటాసి రాంగానే చెప్పులన్నీ తీసి పశువుల కొట్టంలో ఏసింది. కమ్మీ బూట్లూ ఆడనే తగిలిచ్చేసింది."

"నువ్వు చెప్పలేదా మరి?"

"చెప్పినా. నెల దినాలు బూట్లు ల్యాకపోతే ఏమైతాది, సామి సూసుకుంటాడు అనింది. పాపను ఎత్తుకోని కండ్లనీళ్ళు పెట్టుకుంటే నాకు నోరు యాడ వస్తాది మేడమ్?"

ఈ ప్రాంతం వాళ్ళకు పెరటాసి గురించి చెప్పక్కర్లేదు. వేరే ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకోసం చెబుతున్నాను. వానలు ముదిరే ముందు వచ్చే ఆ నెల మాకు కొండమీది సామి నెల. శనివారాలు ఇళ్ళు కడిగి, నామాలు పెట్టి, మాంసం ముట్టకుండా ఉంటారు. కొందరు చెప్పులు కూడా వేసుకోరు. ఆ అవ్వ తన మనవరాలి పాదాలకోసం మొక్కింది, ఆ పాదాలకోసమే మొక్కు తీర్చింది. తీర్చిన నెలలోనే అవి తిరిగిపోయాయి.

ఫిజియో మేడమ్ కళ్ళు తుడుచుకుంది. నాకు మాత్రం ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. మా నాయనకూ పెరటాసి పెరటాసే. నెలంతా నీచు ముట్టేవాడు కాదు, కొండకు వొట్టికాళ్ళతో ఎక్కి వచ్చేవాడు. కానీ తోలు ముట్టకుండా ఆయనకెట్లా కుదురుతుంది? ముట్టకపోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు. తోలు ముట్టిన చేతులు కడుక్కుని, ఆ చేతులతోనే దీపం పెట్టేవాడు. సామి ఏనాడూ వద్దనలేదు. అట్లాంటిది ఈ యమ్మ ఇంటి గడపకు ఇంత పట్టింపా అనుకున్నాను.

పాపకు మళ్ళీ పిండికట్లు మొదలుపెట్టారు. పిండికట్లలో ఒక పసిదాని రెండో ఏడాది సగం పోయింది. ఈసారి పాదాలు మొదటిసారంత సులభంగా రాలేదు, అయినా వచ్చాయి. బూట్లు తొడిగే రోజు డాక్టరుగారు ఆ తల్లితో ఈసారి అరవకుండానే మాట్లాడారు. "ఇంకోసారి తిరిగితే పిండికట్టుకు లొంగవమ్మా. కోయాల్సొస్తాది. కోయడం నాకిష్టం లేదు" అన్నారు. ఆయన ఎవరి పాదాన్ని తలుచుకుని ఆ మాటన్నారో నాకు తెలుసు.

పెరటాసి మళ్ళీ వస్తుంది కదా. దాని కోసం నేను ఒక తెలివైన పని చేయబోయాను. తోలే కదా ఇబ్బంది, తోలు లేకుండానే చేస్తే పోలా? లారీల మీద కప్పే మందపాటి పట్ట తెచ్చి, లోపల మెత్తటి ఉన్ని గుడ్డ వేసి బూట్లు కుట్టాను. చూడటానికి ముద్దుగా ఉన్నాయి. డాక్టరుగారు అటూ ఇటూ తిప్పి చూసి, "మడమ నిలబడదేమోనబ్బా" అన్నారు. "చూద్దాం సార్" అన్నాను గొప్పగా. పది రోజులు కాలేదు, పట్ట సాగిపోయింది. మడమ జారి పైకి వచ్చి, ఒరుసుకుని పుండు పడింది. తోలు పాదాన్ని పట్టుకున్నట్టు గుడ్డ పట్టుకోదు. ఆ జతను నేనే కత్తిరించి చెత్తబుట్టలో వేశాను. పుండు మానాక మళ్ళీ తోలు బూట్లే తొడిగాం.

ఇక మిగిలింది ఆ అవ్వతో మాట్లాడటం. ఇన్నాళ్ళూ మేమంతా ఎవరికి చెప్పాం? తల్లికి చెప్పాం. తల్లికి బొమ్మలు చూపించాం, తల్లికి జాగ్రత్తలు చెప్పాం, తల్లిని తిట్టాం. ఆ ఇంట్లో తల్లి మాటకు విలువ లేదని మాలో ఒక్కరికీ తోచలేదు. ఫిజియో మేడమ్ తను పోతానంది. "మీరొద్దు మేడమ్, అంటరానివైంది నా బూట్లు, నేనే పోయి మాట్లాడతా" అన్నాను. ఆ మాటలోనే ఉంది నేను ఏ మనసుతో బయల్దేరానో.

పెరటాసికి ముందు ఆదివారం. బస్సు దిగి వేరుశనగ చేల మధ్య నడిచి పోయాను. ఇంటికి సున్నం కొడుతున్నారు. వీధివైపు ఎత్తైన తిన్నె, దానికి స్తంభాలు. అవ్వ గుమ్మంలోనే నిలబడి పనివాళ్ళకు చెబుతోంది. బలమైన మనిషి, గొంతు ఇంకా బలమైనది.

"ఎవురప్పా?"

"ఆసుపత్రి నుంచమ్మా. పాపకు బూట్లు చేసేవాణ్ణి."

నా ముఖం చూసింది, చేతిలోని సంచి చూసింది. "ఆడ కూసో" అని తిన్నె చూపించింది. లోపలికి రమ్మనలేదు. కోడలి చేత మంచినీళ్ళు పంపింది. దాహంగా ఉంది, తాగేశాను. కోపమొచ్చిందని దాహం ఆగదు కదా.

"పెరటాసి వస్తా ఉండాది గదమ్మా, దాని గురించే వచ్చినా" అన్నాను.

అవ్వ ఒకసారి కోడలి వైపు చూసింది. కోడలు గుమ్మం చాటుకు పోయింది.

"మొక్కుకున్నానబ్బా. ఆ బిడ్డ పుట్టినప్పుడు ఊరంతా వచ్చి సూసి పోయినారు. మా కోడలు మూడు దినాలు అన్నం ముట్టలే. నేను కొండపక్క తిరిగి మొక్కినా. కాళ్ళు సక్కబడినాయి. ఇప్పుడు సామికిచ్చిన మాట తప్పమంటావా?"

"సక్కబడినాయి, మళ్ళా తిరిగిపోయినాయి గదమ్మా."

"అది సామి పెట్టిన పరీచ్చ."

"పరీచ్చ కాదు. నెలంతా బూట్లు మీ కొట్టంలో ఏలాడినాయి. అందుకే తిరిగినాయి."

"నెలకే తిరిగిపొయ్యేదైతే అది సక్కబడినట్లు ఎట్లైతాదబ్బా? మీ పనే సరింగ ల్యా" అంది.

ఏమన్నా పడేవాణ్ణి గానీ, పని సరిగా లేదంటే పడలేను. లేచి నిలబడ్డాను. "కాళ్ళు సక్కజేసింది సామి అంటా ఉండావు. సరే, సామే అనుకుందాం. మరి తిప్పింది ఎవురు? బూట్లు ఇప్పి కొట్టంలో ఏసింది ఎవురమ్మా?" అనేశాను.

సున్నం కొట్టేవాడి చేయి ఆగిపోయింది. అప్పటికే పాప లోపలినుంచి గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది, అవ్వ చీర పట్టుకుని నిలబడింది. అవ్వ వంగి ఆ పాదాల వంక చూసింది.

"నేనా?" అంది. "నా బిడ్డ కాళ్ళు తిప్పింది నేనా అబ్బా?"

కాదమ్మా అనాలని ఉంది. దానికి బదులు మామిడి ఫ్యాక్టరీ అమ్మాయి గురించి చెప్పాను. కోసిన పాదం నిలబడుతుంది గానీ వంగదని, మధ్యాహ్నానికల్లా మంట పుడుతుందని, ఈసారి తిరిగితే ఈ పాపకూ అదే గతని చెప్పాను. మా నాయన గురించీ చెప్పాను, తోలు ముట్టిన చేత్తోనే దీపం పెట్టేవాడని. ఆమె ఏదీ విన్నట్టు లేదు. పాపను ఎత్తుకుని లోపలికి పోయింది, మళ్ళీ రాలేదు. కాసేపు చూసి నేను బయల్దేరాను. కోడలు వీధి మలుపు దాకా వచ్చి, "మా అత్త చెడ్డది కాదన్నా" అని మాత్రం అంది.

మరుసటి రోజు డాక్టరుగారితో చెప్పాను, "చెడగొట్టుకోని వచ్చినా సార్. ముసలామెను ఏడిపించినా."

"నేను ఆ తల్లిని తిట్టినప్పుడు నువ్వు పక్కనే ఉండావు గదా. నేనూ ఏడిపించినా" అన్నారాయన. ఇద్దరం టీ తాగాం.

పెరటాసి వచ్చింది. ఆ ఏడు వానలు ముందే పట్టాయి. ఆ ఇంటినుంచి ఎవరూ రాలేదు, కబురూ లేదు. పని చేస్తున్నాననే గానీ చెయ్యి ఆడలేదు. ఆ పాదాలు ఇప్పుడు ఎంత తిరిగి ఉంటాయో కళ్ళముందు కనబడేది. మూడో శనివారం ఉండబట్టలేక మొదటి బస్సెక్కాను. రాత్రంతా వాన పడి తెరిపిచ్చిన పొద్దు. వీధిలో నామాలు పెట్టుకున్న పిల్లలు చెంబులు పట్టుకుని గోవిందలు పెడుతూ ఇల్లిల్లూ తిరుగుతున్నారు.

ఆ ఇంటి తిన్నె మీద నులక మంచం వేసి ఉంది. స్తంభాలకు లారీ పట్ట కట్టి ఉంది. దాని కొస నుంచి నీళ్ళు కారుతున్నాయి. మంచం మీద పాప నిద్రపోతోంది. పక్కన అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పాప కాళ్ళు ఆమె ఒళ్ళో ఉన్నాయి. నన్ను చూసి కదలకుండానే దుప్పటి పక్కకు లాగింది. కమ్మీ, దానికి అటూ ఇటూ బూట్లు.

"సూడప్పా, బూటు వారు సరింగానే బిగిచ్చినానా? మూడో బొక్క గదా?"

వంగి చూశాను. సరిగ్గానే బిగించింది. మడమ లోపలికంటా దిగి ఉంది.

"ఈ వానలో ఈడ ఏంటికమ్మా?" అన్నాను. అడగాల్సిన మాట కాదు, అడిగేశాను.

"సామి గడపకు ఆ పక్కన ఉండాడు. తోలు ఈ పక్కన ఉండాది. బిడ్డకు బూట్లు ఉండాల గదా. బిడ్డ యాడుంటే నేనాడ" అంది. ఏదో పొలం గట్టు తగువు తీర్చి చెప్పినంత మామూలుగా చెప్పింది. "నెల మొదుల్నుంచీ ఈడనే. మాటా తప్పలే, బూట్లూ ఇప్పలే."

కోడలు కాఫీ తెచ్చింది. "లోపల పండుకుంటే నేను సూసుకుంటా కదత్తా అంటే ఇనదన్నా. బూట్లు ముట్టుకుంటా ఉండాదని తెల్లార్తోనే సన్నీళ్ళు తలకు పోసుకుంటాది, అప్పుడు గానీ గడప తొక్కదు. దగ్గు పట్టుకునింది" అంది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. నా తోలు ముట్టినందుకు తలస్నానం. అయితే ప్రతి రాత్రీ మళ్ళీ ముట్టుకుంటోంది కదా, తెలిసి, స్నానం చేయాలని తెలిసి. ఈ రెంటిలో దేన్ని ఎక్కువగా పట్టించుకోవాలో ఆ రోజు తేల్చుకోలేకపోయాను, ఈరోజుకీ అంతే. తనకంటే తక్కువ అనుకున్నవాళ్ళను జన్మంతా కూర్చోబెట్టిన తిన్నె మీద ఆ నెలంతా ఆమే పడుకుంది. అది మాత్రం చూశాను. కాఫీ తాగి, వార్లు ఇంకోసారి చూసి, మొదటిసారి ఆ ఇంటినుంచి దండం పెట్టి వచ్చాను.

నెల దాటాక వచ్చారు. ఈసారి పాపను అవ్వే ఎత్తుకుని వచ్చింది. డాక్టరుగారు పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని బూట్లు విప్పారు. నేనూ, ఫిజియో మేడమ్ చెరోపక్క నిలబడ్డాం. ఆయన మడమ పట్టుకుని పాదాన్ని మెల్లగా పైకి నెట్టారు. వంగింది. బయటికి తిప్పారు. తిరిగింది. రెండో పాదమూ అంతే. పాపకు చక్కిలిగింత పెట్టినట్టుంది, కిలకిలా నవ్వింది. ఫిజియో మేడమ్ కిటికీ వైపు తిరిగిపోయింది. నేను సిగ్గుపడలేదు, అక్కడే ఏడ్చాను.

కథ ఇక్కడ తీపిగా ముగిసిందని అనుకోకండి. ఆ పెరటాసి తర్వాత పాదాలు తిరిగిపోయి వచ్చిన బిడ్డలు ఇంకా ఉన్నారు. అందరి ఇళ్ళకూ తిన్నెలు లేవు. తిన్నె ఉన్న ప్రతి ఇంట్లో అట్లాంటి అవ్వా లేదు. కొన్ని పాదాలను డాక్టరుగారు కోయాల్సే వచ్చింది. కొందరు అసలు తిరిగే రాలేదు. వాళ్ళిప్పుడు ఎక్కడ ఎట్లా నడుస్తున్నారో నాకు తెలియదు, తలుచుకుంటే మనసు బాగుండదు. మేము మార్చుకున్నది ఒక్కటే. బూట్లు తొడిగే రోజు "మీ ఇంట్లో ఎవరి మాట నడుస్తుందమ్మా?" అని అడిగి, ఆ మనిషి వస్తే తప్ప తొడిగేవాళ్ళం కాదు. నాయనో, మామో, అవ్వో, ఎవరైతే వాళ్ళు. వాళ్ళ చేతే మొదటి వారు బిగింపించేవాళ్ళం. మీరు మిగతావన్నీ నాకంటే బాగా చేస్తారు, ఇది మాత్రం మరిచిపోవద్దు.

ఆ రోజు పరీక్ష అయ్యాక అవ్వ డాక్టరుగారిని అడిగింది, "ఇంగ ఎన్ని పెరటాసులు సామీ?"

"ఇంకా రెండమ్మా" అన్నారాయన, గొంతు తగ్గించి.

"ఏడాదికొకటే గదా వచ్చేది" అంది అవ్వ.

తర్వాత బూట్లు పట్టుకుని నా వర్క్‌షాపు దగ్గరికి వచ్చింది. సంచిలో పెట్టుకోలేదు, ఒట్టి చేతుల్తోనే పట్టుకుంది. గుమ్మంలో ఆగకుండా లోపలికి వచ్చి, తోలు ముక్కల మధ్య నిలబడింది.

"వాన జల్లుకు తోలు బిర్రెక్కి పొయ్యిండాది. ఈడ సూడు, అంచు ఒరుసుకుంటా ఉండాది బిడ్డకు. ఇట్లనేనా సేసేది?" అని తిట్టి, బూట్లు నాకిచ్చింది. మా నాయనకు చెప్పులిచ్చేవాళ్ళు పైనుంచి వదిలేవాళ్ళు, ఆయన పట్టుకునేవాడు. ఈమె వదల్లేదు. నా అరచేతిలో పెట్టి, అంచు ఎక్కడ ఒరుసుకుంటోందో నా వేలు పట్టుకుని చూపించింది.

"రెండు దినాలు నూనెలో నాననిస్తే మెత్తబడతాదమ్మా" అన్నాను. "పెట్టిపోండి."

"రెండు దినాలా?" అవ్వ నా పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. "అదేం కుదరదబ్బా. ఇప్పుడే సేసియ్యి. రేత్రికి కావాల."